పేరు రాసిన పుల్ల

చిక్కడపల్లి
24 జూన్ 2024

స్నేహా,

వేలూరు చేరారనీ, ఆసుపత్రి ఎదురుగానే గది దొరికిందనీ తమ్ముడు ఫోన్లో చెప్పాడు. మనసు కాస్త కుదుటపడింది. కానీ ఆ రెండు నిమిషాల ఫోనుకు నీ కూతురు సింధు చేసిన రభస నీకూ వినిపించే ఉంటుంది. తర్వాత గంటసేపు చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుంది, డాడీ దగ్గరికి పోదామని. నా ఇల్లు నీకు తెలియంది కాదు, ఉన్నది ఒక్క గది. ఫోన్ మోగితే చాలు, స్నానం చేస్తున్న మనిషి సబ్బు నురగతోనే వచ్చేస్తుంది. నేను మాట్లాడే ప్రతి మాటా వింటుంది. వాట్సాప్ కూడా వద్దు. ఆ ఫోన్లో బొమ్మలు చూసేది ఆవిడే కాబట్టి నువ్వేం పంపినా నాకంటే ముందు ఆవిడకే చేరుతుంది. అందుకే ఉత్తరాలు రాసుకుందాం. ఆగని సంగతి ఏదైనా ఉంటే బడికి ఫోన్ చెయ్యి, పెద్దమేడం తీస్తారు. నా ఉత్తరాలు తమ్ముడికి చదివి వినిపించు. పంతులమ్మ రాత అని చిన్నప్పటి నుంచీ వెక్కిరించేవాడు కదా, ఇప్పుడు ఆ రాతే మందనుకోమను.

బడి తెరిచాం. ఈసారి నా తరగతిలో పదహారు మంది, అందరూ నాలుగేళ్లకు అటూ ఇటూ. మా బడిలో పుస్తకం కంటే ముందు ఋతువు. వానాకాలం విత్తనం, బతుకమ్మకు పువ్వులు, చలికాలం నీడలు, తర్వాత రాలిన ఆకులు, ఎండలు ముదిరితే పిట్టలకు నీళ్లు. ఏదైనా చేత్తో ముట్టుకునే నేర్చుకోవాలి. తల్లులు మాత్రం మొదటి వారమే వచ్చి ఏబీసీడీలు ఎప్పుడు రాయిస్తారని నిలదీస్తారు. రాయిస్తాం తల్లీ, ముందు చేతికి మట్టి అంటనివ్వండి అంటాను.

శుక్రవారం బొబ్బర్లు నాటాం. ఖాళీ పెరుగు కప్పులో మట్టి, ఒక్కొక్కరికి రెండు గింజలు, పక్కన ఐస్‌క్రీం పుల్ల, దాని మీద పేరు. మన సింధు తన గింజల మీద మట్టి కప్పి "పండుకో" అని జోకొట్టింది. ఇది తమ్ముడికి తప్పకుండా చెప్పు.

పొద్దున ఏడున్నరకు నాతో పాటే బడికి వస్తోంది. మిగతావాళ్లు వచ్చేది తొమ్మిదికి. ఆ గంటన్నర బడంతా ఆవిడ రాజ్యమే. తమ్ముడి రక్తం గురించి డాక్టర్లు ఏమన్నారో దాచకుండా రాయి.

మీ వదిన
మహేశ్వరి


వేలూరు
9 జూలై 2024

వదినకు నమస్కారాలు.

ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివించుకున్నారు. "పండుకో" దగ్గర ఆపమని, అది మళ్లీ చదవమని, కళ్లు మూసుకుని విన్నారు.

బ్లడ్ క్యాన్సరే అని ఇక్కడా అన్నారు. మొదటి విడత మందు ఎక్కించారు. రెండో వారానికే జుట్టు రాలడం మొదలైంది. అద్దంలో చూసుకుని, "ఇంకు అయిపోతే కాపీ గిట్లనే వస్తది" అన్నారు. పదేళ్లు జిరాక్సు మిషన్ ముందు నిలబడ్డ మనిషికి ఇంకే పోలిక తడుతుంది. అశోక్‌నగర్లో షాపు మూసి ఉంటే హాస్టళ్ల పిల్లలు పరీక్షల నోట్సులు ఎక్కడ తీయించుకుంటున్నారో అని ఆయన దిగులు. తన గురించి మాత్రం అడగరు.

సింధు జడలు రెండూ సమానంగా లేకపోతే ఒప్పుకోదు, కుడిపక్క కొంచెం జుట్టు ఎక్కువ. పెరుగన్నంలో ఉప్పు చివర్లో వేయాలి. ఇవన్నీ మీకు తెలుసని తెలుసు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను. నన్ను అడుగుతోందా వదినా?

స్నేహలత


చిక్కడపల్లి
22 జూలై 2024

స్నేహా,

తమ్ముడికి చెప్పు, హాస్టళ్ల పిల్లలు షాపు ముందుకు వచ్చి షట్టర్ చూసి వెళ్తున్నారు. ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి, "అన్న ఎప్పుడొస్తడక్కా?" అని అడిగింది. వానలు తగ్గగానే అన్నాను.

ఇక్కడ వానలు బాగా పట్టాయి. సీసా కోసి, దాని మీద రంగు కాగితాలు అంటించి కిటికీ బయట పెట్టాం. రోజూ ఏ రంగు దాకా నీళ్లు వచ్చాయో పిల్లలే చూసి చెప్తారు. మొన్న వాన ఎరుపు దాకా వచ్చింది. మా వీధిలో అయితే మోకాళ్ల దాకా వచ్చింది, దానికి రంగు లేదు.

మొక్కలు జానెడు లేచాయి. సింధు కప్పులో మాత్రం నీళ్లు ఎక్కువై గింజ కుళ్లింది. కంగారు పడకు, దానికి మందు నా దగ్గరుంది. ప్రతి ఏడూ పదహారు కప్పులతో పాటు ఇంకో పది కప్పుల్లో గింజలు వేసి, బడి వెనక నీళ్ల తొట్టి దగ్గర దాచిపెడతాను. ఎవరి మొక్క పోయినా పొద్దున పిల్లలు రాకముందే పేరున్న పుల్ల తీసి బతికిన కప్పులో గుచ్చేస్తాను. పదకొండేళ్లుగా నా తరగతిలో ఒక్క మొక్క కూడా చావలేదు. పెద్దమేడం బాలత్రిపురసుందరి గారు మొదటి రోజే చెప్పారు, "పిల్ల ఏడుస్తూ ఇంటికెళ్తే ఆ రోజు మనం బడి నడపనట్టేనమ్మా" అని. ఆవిడ మాట నాకు శాసనం.

ఇంట్లో పెట్టుకుని సింధు దగ్గర దాచడం కుదరలేదు. పుల్ల మారుస్తుంటే వెనకాలే నిలబడి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. "గిది మంచిగున్నదత్తా" అని కొత్త కప్పు ఎత్తుకుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే కప్పులన్నీ తనే చూసి, ఎండినవి తెచ్చి నాకిస్తుంది. మంచి అసిస్టెంటు దొరికింది.

నిన్ను అడుగుతోందా అని రాశావు. లేదు, హాయిగా ఉంది. ఆటలో పడితే ఎవరూ గుర్తురారు. మీరు నిశ్చింతగా వైద్యం చూసుకోండి.

మహేశ్వరి


వేలూరు
10 ఆగస్టు 2024

వదినకు,

ఉత్తరం అందింది. మొక్క మార్చిన సంగతి విని ఆయన చాలాసేపు నవ్వారు. ఏదో కోడిపిల్ల కథ చెప్పారు, మీ చిన్నప్పటిదట. వచ్చాక చెప్తాను, ఉత్తరంలో రాసేది కాదు.

రెండో విడత పూర్తయింది. జ్వరం పోవడం లేదు. ఇంకో రకం మందు చూద్దామంటున్నారు.

సింధుకు ఎవరూ గుర్తురావడం లేదని రాశారు. సంతోషం. నాలుగేళ్లు కడుపు మీద పడుకోబెట్టుకున్న పిల్ల నలభై రోజుల్లో నన్ను మరిచిపోయిందంటే మీ పెంపకం అంత గొప్పదన్నమాట. మీరు చెప్పినట్టే నిశ్చింతగా ఉంటాను.

స్నేహలత


చిక్కడపల్లి
5 అక్టోబరు 2024

స్నేహా,

నీ ఉత్తరం వచ్చి యాభై రోజులు దాటింది. జవాబు రాయకపోవడం నా కోపం. రాస్తే ఏదో ఒకటి అనేదాన్ని. పిల్లలు లేని ఆడబిడ్డ పిల్లను లాక్కుంటోందని నువ్వు అనలేదు కానీ నాకు అలాగే వినిపించింది.

ఈ వారం బతుకమ్మ. మార్కెట్ నుంచి గునుగు పూలు మోపు తెచ్చాను. పిల్లలు వాటిని రంగునీళ్లలో ముంచి, తంగేడు ఒక పక్క, బంతి ఒక పక్క వేరుచేసి, చిన్న చిన్న పళ్లేల్లో పేర్చారు. సింధు చేతులు మోచేతుల దాకా గులాబీరంగు. వాళ్ల డాడీకి చూపించాలట, రెండు రోజులు చేతులు కడగనివ్వలేదు. ఇంతవరకూ తమ్ముడికి చదువు. దీంతో పెట్టిన చిన్న కాగితం మాత్రం నువ్వొక్కదానివే చదువుకో.

మహేశ్వరి

(చిన్న కాగితం)

స్నేహా, నా ఉత్తరాలు వాడు వింటాడు కదా. సింధు హాయిగా ఉందని వాడు వినాలనే అలా రాశాను. అసలు సంగతి వేరు. రోజూ సాయంత్రం నాలుగు కాగానే చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. ఆరింటి దాకా లేవదు. నీ పాత చున్నీ చుట్టుకుని తప్ప పడుకోదు. జడలు ఎంత సమానంగా వేసినా, "అమ్మ ఇట్ల వెయ్యది" అంటుంది. ఇది మంచం మీదున్న మనిషికి ఎలా రాయను చెప్పు. తప్పయితే క్షమించు.


వేలూరు
21 అక్టోబరు 2024

వదినా,

చిన్న కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా కూతురు నన్ను మరిచిపోలేదని సంతోషమో, అలా గుమ్మంలో కూర్చుంటోందని బాధో తెలియలేదు. నేను అన్న మాటలు మనసులో పెట్టుకోకండి.

ఇది మీకొక్కరికే రాస్తున్నాను. కొత్త మందు పనిచేయలేదు. ఊపిరితిత్తులకు పాకిందట. ఇంకో మార్గం లేదని పెద్ద డాక్టరు ఇంగ్లీషులో చెప్పాడు, నాకు అర్థం కాలేదనుకుని కుర్ర డాక్టరు తమిళంలో చెప్పాడు. ఆయన మాత్రం నా ముఖం చూసి తెలుగులోనే తెలుసుకున్నారు. "సింధును తీస్కరావద్దు, నన్ను గిట్ల చూడొద్దు" అన్నారు. రెండో పూట మాట మార్చి, "తీస్కరమ్మను" అన్నారు. మళ్లీ వద్దన్నారు. ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

స్నేహ


మెట్‌పల్లి
27 నవంబరు 2024

వదినకు,

దినాలయ్యాక నన్ను పుట్టింట నిద్ర చేయించడానికని మా అమ్మావాళ్లు ఇక్కడికి తెచ్చారు. మూడు రోజులన్నారు. వచ్చిన మర్నాటి నుంచీ జ్వరం, లేవలేకపోతున్నాను. సింధును కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచక తప్పదు. తనకు ఏమీ చెప్పకండి, నేను వచ్చి చెప్తాను.

సింధును వేలూరు తేవాలా వద్దా అన్నది తేలకముందే ఈ నెల ఎనిమిదో తారీఖున ఆయన పోతే తొమ్మిదిన హైదరాబాదు తెచ్చాం. ఆ రోజు సింధును పెద్దమేడం గారింట్లో పై అంతస్తులో కూర్చోబెట్టి రంగులేయించారు మీరు. కింద వీధిలోంచి వాళ్ల నాన్నను తీసుకెళ్లిపోయారు. నాకు ఆ పూట ఒంటి మీద స్పృహ లేదు, ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. చివరిసారి ముఖమైనా చూసేది. మీరు మాత్రం వచ్చినవాళ్లకు మంచినీళ్లు, టీలు, బ్యాండువాళ్లు, పూలు, అన్నీ ఒక్కచేత్తో చూసుకున్నారు. నాలుగో రోజు బడికి కూడా వెళ్లారట. మీ కంట్లో ఒక్క చుక్క నీరు నేను చూడలేదు. తమ్ముడి కోసం ఏడవని అక్క ఉంటుందా అని మా అమ్మ అడిగింది.

స్నేహలత


చిక్కడపల్లి
10 డిసెంబరు 2024

స్నేహా,

నువ్వన్నవి పడతాను. సింధును పైకి పంపింది నేనే. ఇది మాత్రం కూర్చుని చదువు.

షాపు దగ్గర హాస్టళ్ల పిల్లలు చందాలేసుకుని తమ్ముడి ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. 'కరుణాకర్ అన్నకు కన్నీటి వీడ్కోలు' అని. ఆ దారిన సింధును తీసుకువెళ్లకుండా నారాయణగూడ మీంచి చుట్టు తిప్పి తెస్తున్నాను. పోయిన నెల ఇరవై తొమ్మిదిన నాకు ఆలస్యమైతే మా ఆయా ఎల్లవ్వ వెంట పంపాను. ఆవిడకు చెప్పడం మరిచిపోయాను. సింధు ఫొటో చూసి, డాడీకి దండ ఎందుకేశారని అడిగిందట. ఎల్లవ్వకు అబద్ధం రాదు. "మీ డాడీ సచ్చిపోయిండు బిడ్డా" అని చెప్పేసింది.

నేను పరుగున ఇంటికి వచ్చాను. సింధు ఏడవలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టి అన్నం పెట్టమంది. ఆ రోజు నుంచి గుమ్మంలో కూర్చోవడం కూడా మానేసింది. చిన్నపిల్ల, అర్థం కాలేదనుకున్నాను. దేవుడు మేలు చేశాడనుకున్నాను. నీ ఉత్తరం అప్పటికే చేరింది. అయినా నీకు వెంటనే రాయలేదు, అది నా ఇంకో తప్పు.

ఇప్పుడు తరగతిలో నీడల పాఠం. ప్రాంగణంలో పిల్లల్ని నిలబెట్టి తొమ్మిదిన్నరకు ఒకసారి, పదకొండున్నరకు ఒకసారి నీడ చుట్టూ సుద్దముక్కతో గీస్తాం. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ పొట్టిదైపోయిందని అందరూ గోల చేస్తారు. నిన్న సింధు సుద్దముక్క కోసం సంచి తీస్తే అందులోంచి ఐస్‌క్రీం పుల్ల పడింది. దాని మీద 'కరుణాకర్' అని పెద్దమేడం చేతిరాత. ఆవిణ్ణి అడిగితే, "వాళ్ల నాన్న పేరు రాసిమ్మంది, ముచ్చటపడి రాసిచ్చానమ్మా" అన్నారు.

ఎందుకని సింధును అడిగాను. నా చేయి పట్టుకుని బడి వెనక్కి, నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. "డాడీది ఎప్పుడు మారుస్తవత్తా? పుల్ల నా దగ్గరనే ఉన్నది" అంది.

పది రోజులుగా ఆ పిల్ల పొద్దున ఏడున్నరకు వచ్చి, నేను తాళం తీయగానే వెనక్కి పరుగెత్తేది ఎందుకో నాకప్పుడు తెలిసింది. చూసి వచ్చేది, వాళ్ల నాన్న వచ్చాడేమోనని.

స్నేహా, పదకొండేళ్ల పంతులమ్మను. రేపు చూద్దాంలే అన్నాను. ఇవాళ ఐదింటికే లేచి స్నానం చేసి, తనే జడ వేసుకోబోయి చిక్కు పడి, తయారై కూర్చుంది. నువ్వు ఎలా ఉన్నా సరే, రా.

మహేశ్వరి


మెట్‌పల్లి
16 డిసెంబరు 2024

వదినకు,

శనివారం మా అన్న రాజశేఖర్‌తో వచ్చి నా కూతురిని తీసుకెళ్తాను. బట్టలు సర్ది ఉంచండి. మీరు ఆ రోజు బడిలో ఉంటే మంచిది, ఎదురుపడితే నేను ఏమంటానో నాకే తెలియదు.

చచ్చినదాన్ని చచ్చిందని చెప్పడం చేతగానివాళ్లు పిల్లలకు పాఠాలు చెప్పకూడదు. ఇంతకుమించి రాయను.

స్నేహలత


చిక్కడపల్లి
18 ఫిబ్రవరి 2025

స్నేహా,

నువ్వు చెప్పినట్టే ఆ శనివారం బడిలోనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి గూట్లో సింధు దువ్వెన మరిచిపోయి ఉంది. రెండు పళ్లు విరిగినది. ఇంకో దువ్వెన ఇక్కడ దొరకదా, అక్కడ దొరకదా, అయినా పోస్టులో పంపుతున్నాను.

ఇప్పుడు ఆకుల పాఠం. పిల్లల్ని ఇందిరాపార్కుకు తీసుకెళ్లాం. రాలిన ఆకులు ఏరి, కాగితం కింద పెట్టి, పైన రంగుముక్కతో రుద్దితే ఈనెలతో సహా ఆకు తేలుతుంది. ప్రతి ఏడూ ఈ పాఠం చివర, మళ్లీ కొత్త ఆకులొస్తాయి పిల్లలూ అని చెప్పి ముగించేదాన్ని. ఈసారి ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చెట్టుకు కొత్త ఆకులొస్తాయి, నిజమే. చేతిలో ఉన్న ఆకు మాత్రం రాలిపోయిందే. ఆ రెండో ముక్క ఇన్నేళ్లూ నేనెప్పుడూ చెప్పలేదు.

నీ ఉత్తరం దిండు కింద ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. సింధు ఎలా ఉందో ఒక్క వాక్యం రాయి చాలు. నాకోసం రాయకపోతే పోనీ, ఈ రాతను వెక్కిరించే మనిషి కోసం రాయి.

మహేశ్వరి


మెట్‌పల్లి
29 జూన్ 2025

వదినకు నమస్కారాలు.

మీ ఉత్తరం, దువ్వెన అప్పుడే అందాయి. దువ్వెన సింధుకిచ్చాను. ఉత్తరాన్ని నాలుగు నెలలు విప్పలేదు. ఎందుకో చెప్తాను.

వచ్చిన రోజే సింధును ఒళ్లో కూర్చోబెట్టుకుని, డాడీ చనిపోయాడు, ఇక రాడు అని చెప్పాను. తల ఊపింది. ఏడవలేదు. ఆ తర్వాత ఒకటే పాట, "అత్త దగ్గరికి పోదాం, అత్త దగ్గరికి పోదాం." అన్నం దగ్గర అదే, స్నానం దగ్గర అదే. కన్నతల్లిని పక్కన పెట్టి మీకోసం కొట్టుకుపోతోందని నాకు మంట. ఆ మంటతోనే మీ ఉత్తరం పెట్టెలో పడేశాను.

బడులు తెరిచారు. ఇక్కడి బడిలో మట్టి ముట్టుకోనివ్వరు, మొదటి రోజే పలక. పోనీలెమ్మని నేనే పెరుగు కప్పులో రెండు బొబ్బర్లు పెట్టించి, పుల్ల మీద సింధూర అని తన పూర్తి పేరు రాసిచ్చాను. వదినా, నవ్వకండి. తను పడుకున్నాక దొడ్లో గోడ పక్కన ఇంకో కప్పులో నేను కూడా రెండు గింజలు వేశాను. మిమ్మల్ని అన్ని మాటలన్న దాన్ని.

బుధవారం పొద్దున చూస్తే సింధు మొక్క వాడి మట్టిలో పడుకుంది. నా చేతులు వాటంతట అవే దొడ్లోకి వెళ్లాయి. రెండు కప్పులూ పట్టుకుని పుల్ల తీయబోతూ తలెత్తితే తలుపు దగ్గర సింధు. చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. "మార్చమ్మా" అంది. ఆ ముఖంలో ఎంత నిబ్బరమో. ఆ నిబ్బరం చూసి నాకు భయం వేసింది.

కప్పులు కింద పెట్టాను. ఇది చచ్చిపోయింది సింధూ, దీని బదులు ఇంకోటి పెడితే అది ఇంకోటే అవుతుంది, ఇది కాదు అన్నాను. వాడిన మొక్కను వేలితో లేపి చూసింది.

"డాడీది అత్త దగ్గర ఉంటది కదా, వెనక?"

అప్పుడు అర్థమైంది వదినా, ఆరు నెలలుగా మీ దగ్గరికి పోదామని ఎందుకు ఏడుస్తోందో. నేను మీమీద పెట్టుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు.

"లేదు బిడ్డా. అత్త దగ్గర లేడు. ఎవరి దగ్గరా లేడు" అన్నాను.

లోపలికి వెళ్లి సంచిలోంచి వాళ్ల నాన్న పేరున్న పుల్ల తెచ్చింది. వాడిపోయిన మొక్క పక్కన, తన పుల్లకు ఆనించి గుచ్చింది. గుచ్చాక ఏడ్చింది. నాన్న పోయిన ఏడు నెలలకు ఏడ్చింది. మధ్యాహ్నం దాకా ఏడ్చి, నా మీదే నిద్రపోయింది. ఆ సాయంత్రం పెట్టె తెరిచి మీ ఉత్తరం చదువుకున్నాను.

ఇప్పుడు ఆ కోడిపిల్ల సంగతి. ఆయనకు ఆరేళ్లప్పుడు పెంచుకున్న కోడిపిల్ల చచ్చిపోతే, బడి నుంచి వచ్చేలోపు మీరు అలాంటిదే ఇంకోటి తెచ్చి గంప కింద పెట్టారట. ఆయన నాతో అన్న మాట ఇది. "నాకు ఎరకనే. పాతది పిలిస్తే నా ఎన్కనే వచ్చేది. ఇది రాలే. అక్క బాధపడ్తదని ఎన్నడు చెప్పలే." ఆ రోజు నవ్వారని రాశాను కదా. నవ్వింది నిజమే. తర్వాత గోడవైపు తిరిగి, "దొడ్డెన్క పోయి ఒక్కన్నే ఏడ్సిన" అన్నారు. అది మీకు రాయలేకపోయాను.

నిద్ర లేచాక సింధు, డాడీ లేడని అత్తకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. "మరి అత్త ఏడ్సిందా?" అంది. నాకు తెలియదు అన్నాను. ఏడ్చారా వదినా?

మీ
స్నేహ


చిక్కడపల్లి
7 జూలై 2025

స్నేహా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. కోడిపిల్ల దగ్గర ఆగిపోయి, మిగతాది నిన్న చదివాను. వాడికి తెలుసన్నమాట. ముప్పై మూడేళ్లు నన్ను మోసం చేశాడు.

ఇవాళ సోమవారం. ఈ ఏడు పదిహేడు మంది. ఏడున్నరకు తాళం తీసి చూస్తే మూడు కప్పుల్లో మొక్కలు పోయి ఉన్నాయి. వెనక పది కప్పులు మామూలుగానే పెంచుతున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది. పుల్ల తీయలేదు. మూడు కప్పులూ అలాగే బల్ల మీద ఉంచాను.

తొమ్మిదింటికి పిల్లలొచ్చారు. కప్పు ముందు నిలబడి ఒకమ్మాయి, "టీచర్, నాది లేస్తలేదు" అంది. కొత్తగా చేరిన పిల్ల, ఇంకా మూడున్నర కూడా నిండలేదు. అది చచ్చిపోయిందమ్మా అని చెప్పాను. ఆ మాట ఆ గదిలో నేను అనడం అదే మొదటిసారి. అన్న తర్వాత ఇంకో మాట చెప్దామని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. పిల్లలందరి ముందు, ఆ చిన్న కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఎల్లవ్వ గుమ్మంలో నిలబడిపోయింది. పెద్దమేడం కిందికి దిగి వచ్చి, చూసి వెళ్లిపోయారు.

ఆ పిల్ల తన మొక్క సంగతి మరిచిపోయి నా దగ్గరికి వచ్చింది. తన జేబురుమాలు ఇవ్వబోయింది. అది గౌనుకు పిన్నుతో గుచ్చి ఉంది, పిన్ను తీయడం రాలేదు. కాసేపు లాగి చూసి, చివరికి గౌనుతో సహా దగ్గరికి జరిగి నా ముఖం తుడిచింది.

సింధు అడిగింది కదా. చెప్పు, అత్త ఏడ్చిందని.

మహేశ్వరి